శీర్షిక లేని కీర్తన

ఉపవాసకాలం మొదటి వారం, సోమవారం

బడిలో పుస్తకాల అంచులు కత్తిరించినప్పుడు రాలే తోలు ముక్కలు మా తమ్ముడు దెన్హా నాకు తెచ్చిస్తుంటాడు, జల్లెడకు మాట్లు వేసుకుంటానని. నేను వెయ్యను, దాచుకుంటాను. ఇవాళ వాటి మీద రాసుకునే పని పడింది. నోటితో అంటే ఊరంతా వింటుంది, కడుపులో పెట్టుకుంటే నాకు అన్నం సయించదు.

పొద్దున పిండి పిసుకుతుంటే కామీషో వచ్చాడు. బడి పెత్తనమంతా ఆయనదే. ఎవరికి ఏ గది, ఎవరు చెప్పకుండా బయటికెళ్ళారు, ఎవరు సత్రంలో తిన్నారు, అన్నీ ఆయనకే తెలియాలి. ఆడవాళ్ళ గుమ్మం తొక్కని మనిషి. గడప బయట నిలబడి ఆకాశంతో మాట్లాడుతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. నేను పాట మధ్యలో ఉన్నాను. పాట ఆపితే పిండి కొలత తప్పుతుంది, అందుకని కీర్తన అయ్యేదాకా నిలబెట్టాను. మా ఇళ్ళలో అదే కొలత. కీర్తన పూర్తయిందంటే పిండి కుదిరినట్టు.

“మీ తమ్ముడు ఏమన్నాడో విన్నావా అమ్మా?”

“మా తమ్ముడు రోజంతా ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. అందుకేగా వాడికి మీరు గురువు కుర్చీ వేసింది.”

“నవ్వులాట కాదు షమ్మూనీ. ‘దేవా, నన్నెందుకు వదిలేశావు’ అనే ఇరవై రెండో కీర్తన దగ్గర వ్యాఖ్యాత మాట చదివాడు. చదివి, పుస్తకం మూసి, ‘కానీ నాకు మాత్రం ఇది సిలువ మీద ప్రభువు ఏడుపులాగే వినిపిస్తుంది’ అన్నాడు. కుర్రాళ్ళందరి ముందూ.”

నా చేతులకి పిండి అంటుకుని ఉంది, లేకపోతే తలబాదుకునేదాన్ని. ‘నాకు వినిపిస్తుంది’ అట! ఈ బడిలో ‘నాకు’ అన్న మాట ఎవడైనా అన్నాడా ఇన్నాళ్ళలో? లేఖనాలకు అర్థం రాసిన ఆ వ్యాఖ్యాత పోయి ఎన్నో తరాలయింది, ఇప్పటికీ ఇక్కడ రోజూ మాట్లాడేది ఆయనే. మిగతావాళ్ళు ‘వ్యాఖ్యాత అంటాడు’ అని మొదలుపెట్టి ‘వ్యాఖ్యాత అన్నాడు’ అని ముగిస్తారు. సరిహద్దుకి అవతలి రోము వాళ్ళు ఆయన్ని శపించి పుస్తకాలు తగలబెట్టారు, పారసీ రాజు పాలనలో ఉన్న మేం వాటినే నెత్తిన పెట్టుకున్నాం. మా కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా ఎర్ర సిరాతో ఉండే శీర్షిక ఆయన చెప్పిందే. ఎవరు పాడారు, ఏ కష్టంలో పాడారు, అంతవరకే. ఇరవై రెండో దాని మీద ఏముందో నాకూ తెలుసు: కొడుకు అబ్షాలోము తరుముతుంటే దావీదు చేసిన ప్రార్థన. సిలువ ఊసు లేదు. ఆయన ఇలా మనిషి కష్టాన్ని మనిషి కష్టంగానే చూస్తాడు, ప్రతి గడ్డిపోచకీ పరలోకపు అర్థం లాగడు. నాకు ఆయనంటే అందుకే గౌరవం.

“మట్టల పండక్కి, ఊసన్నా ఆదివారానికి బిషప్ గారు వస్తున్నారు,” అన్నాడు కామీషో. “వ్యాఖ్యాత మాట దాటనని గురువులందరూ ప్రమాణం చెయ్యాలి. దెన్హా చెయ్యకపోతే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే పోయింది. ఈ మాట రోము వాళ్ళ దగ్గర నేర్చాడని ఊళ్ళో అనుకుంటున్నారు. మన రాజుకీ రోముకీ యుద్ధం రోజులు. సరిహద్దు అధిపతి చెవిన పడిందంటే మాత్రం...”

ఆ తర్వాతి మాట ఆయన ఆకాశానికి కూడా చెప్పలేదు.

మంగళవారం

వాడు రాలేదు. రాకపోతే నాకేం.

గురువారం

వచ్చాడు. ఉల్లికాడలు, పప్పు, రొట్టె పెట్టాను. ఎదురుగా కూర్చోలేదు, పొయ్యి వైపు తిరిగి మాట్లాడాను.

“ఒరేయ్ దెన్హా, నీకు మతి ఉందా?”

“ఉంది కాబట్టే కుర్చీ ఇచ్చారక్కా.”

“ఇచ్చినవాళ్ళే లాక్కుంటారు. వ్యాఖ్యాత తప్పు చెప్పాడా? ఆయన కంటే నీకు ఎక్కువ తెలుసా?”

“తప్పని నేననలేదే. ఆయన చెప్పింది చదివాను. చదివాక నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. ఆ కీర్తన తెరిస్తే చాలు, చెవిలో మోగేది అదే. నేనేం చెయ్యను?”

“ఎవర్రా నీ చెవిలో పోసింది? నిరుడు ఎండాకాలం కోతలకని పడమటివైపు పోయావు. సరిహద్దు దాటావా?”

అడిగి ఇటు తిరిగాను. వాడు రొట్టె తుంచుతూ ఆగిపోయాడు. నా వైపు చూశాడు. చూసి నవ్వాడు. చిన్నప్పుడు ఖర్జూరాలు దొంగిలించి నవ్వే నవ్వు కాదది, ఇంకేదో. నాకు ఒళ్ళు మండిపోయింది.

“దాటలేదు. పప్పులో ఉప్పు తక్కువైంది,” అన్నాడు.

ఉప్పు సరిగ్గానే ఉంది. ఎవడో వాడి మనసు పాడుచేశాడు. ఆ పాపిష్టివాడెవడో నా చేతికి చిక్కితే గడ్డం పట్టుకు ఈడుస్తాను.

రెండో వారం, బుధవారం

గుడి వెనక గదిలో పాట సాధన. మేం నిబంధన కుమార్తెలం, పెళ్ళి లేకుండా ప్రభువుకి మాట ఇచ్చినవాళ్ళం. మాకున్నది ఈ పాట ఒక్కటే. పెళ్ళిళ్ళకు మమ్మల్ని ఎవరూ పిలవరు, చావులకు మాత్రం మేం లేకపోతే శవం లేవదు.

అనాహీద్ ఇవాళ ఊరుకోలేదు. దానికి ఊరుకోవడం చేతకాదు. పారసీ ఇంట్లో అగ్నికి దణ్ణం పెడుతూ పెరిగి, బాప్తిస్మం తీసుకుని మాలో కలిసింది. గొంతు నాకంటే బాగుంటుంది. ఈ మాట దానికి ఎప్పుడూ చెప్పలేదు.

“షమ్మూనక్కా, బడిలో అంత గొడవ శీర్షిక మీదనే కదా! మనం ఎప్పుడైనా శీర్షిక చెప్పి పాడామా?”

“గుళ్ళో మగవాళ్ళు చెబుతారుగా.”

“గుళ్ళో సరే. చావింట్లో? ఇక్కడ?”

“మా గురువమ్మ కాలం నుంచీ ఇంతే. శీర్షిక చెప్పే ఊపిరితో ఇంకో చరణం పాడొచ్చనేది ఆవిడ.”

“మంచిదే. నాకైతే చాలా ఏళ్ళు శీర్షికలున్నాయనే తెలీదు.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఊరికే గొంతు నొప్పిగా ఉండి నవ్వలేదు.

మూడో వారం, సోమవారం

బడి రెండుగా చీలింది. కుర్రాళ్ళు ఒకే కుండలోంచి తినడం మానేశారట. దెన్హా గది తలుపు మీద ఎవరో బొగ్గుతో రోము కుక్క అని రాశారు.

బూడిద, నీళ్ళు పట్టుకెళ్ళి రుద్ది కడిగి వచ్చాను. వాడి కోసం కాదు. దేవుడి పని జరిగే చోట తలుపులు మురికిగా ఉంటే నాకు నచ్చదు.

మంగళవారం

మళ్ళీ రాశారు. మళ్ళీ కడిగాను.

నాలుగో వారం, శనివారం

కామీషో దెన్హా గది అంతా వెతికించాడు. చాప ఎత్తారు, పరుపు చింపారు, గోడలో ఇటుకలు కదిపి చూశారు. దొరికింది నేను కుట్టిచ్చిన మేజోళ్ళు, సగం తిన్న అత్తిపళ్ళు. రోము పుస్తకం ఒక్కటీ లేదు.

హమ్మయ్య అనుకుని అనాహీద్‌కి చెప్పాను. అది పెదవి విరిచింది.

“పుస్తకం దొరికుంటే బాగుండేదక్కా.”

“నీ నోట్లో మన్ను పడ! ఏం కూతలవి?”

“పుస్తకమైతే కాల్చేసి, ‘చదివి చెడిపోయాడు, ఇక చదవడు’ అనేవాళ్ళు. పుస్తకం లేదంటే మనిషి ఉన్నాడని. ఆ మనిషి ఎవరో చెప్పమంటారు. చెప్పేదాకా వదలరు.”

పారసీ అధికారుల ఇళ్ళల్లో పెరిగింది కాబట్టి దానికి ఈ సంగతులు తెలుసు. నాకు భయం వేసింది. అవును, భయమే. ఇన్నాళ్ళూ కోపమని రాసుకున్నదంతా చదువుకుంటే ఇప్పుడు నాకే తెలుస్తోంది.

మహమ్మారి వచ్చి అమ్మా నాన్నా ఒకే వారంలో పోయినప్పుడు వాడికి పళ్ళు వస్తున్నాయి. నా ముంజేతిని కొరుకుతూ నిద్రపోయేవాడు. వాడిని తీసుకుపోయి అధిపతి కొరడాల ముందు నిలబెడతారట. నేను చూస్తూ కూర్చోవాలట.

ఐదో వారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

ఊసన్నా ఆదివారం

బిషప్ గారు గాడిద మీద వచ్చారు. ముసలాయన, దగ్గు, మెత్తటి గొంతు. కేకలేసే మనిషయితే బాగుండేది, కేకలకు ఎదురు చెప్పొచ్చు. ఒలీవ కొమ్మలు పట్టుకుని పాడాం. నా కొమ్మ వణికింది. గాలికే.

ఆ వారం, మంగళవారం

ఇవాళ గుళ్ళో విచారణ. మగవాళ్ళు ముందు, మేం తెర వెనక. తెర మీద చిరుగు దగ్గర నేను కూర్చున్నాను, ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

గురువులు ఒక్కొక్కరూ వచ్చి సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. దెన్హా వంతు వచ్చింది. వాడు చెయ్యి పెట్టలేదు.

“బాబూ,” అన్నారు బిషప్ గారు, “ఆ మాట నీది కాదు. ఈ బడిలో అలాంటిది పుట్టదు. ఎవరు నేర్పారో చెప్పు. రోమువాడైతే నువ్వు మోసపోయావని నేను రాసిస్తాను. ఈ పీఠం మీదే ఉంటావు.”

“రోమువాళ్ళు కాదు తండ్రీ.”

“అయితే పేరు చెప్పడానికేం?”

“చెప్పను.”

“ఎవర్ని కాపాడుతున్నావు?”

కామీషో ముందుకొచ్చాడు. “చూశారా! రోమువాడు కాకపోతే దాచేదెందుకు?” వెనక కుర్రాళ్ళు లేచారు, కొందరు వాడి వైపు, కొందరు మీదికి. బిషప్ గారు దగ్గు తగ్గేదాకా ఆగారు.

“శుక్రవారం ఆరాధన మొదలయ్యేలోపు పేరు కావాలి. లేకపోతే ఈ సంగతి నా చేతుల్లో ఉండదు. అధిపతి మనిషి ఇప్పటికే రెండుసార్లు అడిగాడు,” అన్నారు. ఆయన ముఖంలో కూడా భయమే కనబడింది నాకు. ఆయన భయపడుతున్నాడంటే ఇక దెన్హాకి దిక్కెవరు?

వాణ్ణి గదిలో పెట్టి బయట కాపలా పెట్టారు. ఎవరో దొంగ వెధవని కాపాడటానికి వీడు చస్తానంటాడు! వాడెవడో వీడి కోసం ఒక్క అడుగు ముందుకేశాడా? పిరికిపంద. తెర వెనక కూర్చుని వింటూ ఉంటాడు ఎక్కడో.

బుధవారం

రేపటి రొట్టెకి పిండి కలిపాను. చెయ్యి పిండిలో పడగానే నోరు పాట అందుకుంది. అది నేను అనుకుని చేసే పని కాదు, మా గురువమ్మ నుంచీ అంతే. పిండికి ఒకటే కీర్తన. సరిగ్గా సరిపోతుంది, ఎక్కువా తక్కువా కాకుండా.

సగం పాడాక విన్నాను. నేను ఏం పాడుతున్నానో.

ఇరవై రెండోది.

రోజూ అదే. వాడు పుట్టకముందు నుంచీ అదే. శీర్షిక లేకుండా.

చిన్నప్పుడు దెన్హా పిండి గిన్నె పక్కన మూట మీద కూర్చుని గిన్నె అంచు నాకేవాడు. ఒకరోజు అడిగాడు. ఎవరక్కా ఏడుస్తున్నది అని. ఎందుకు వదిలేశావు అని ఎవరు అడుగుతున్నారు అని. నేనేం చెప్పానో కూడా గుర్తొచ్చింది.

పిండి వదిలేశాను. పులిసిపోయింది.

బుధవారమే, కాసేపటికి

నేను చెప్పినా ఎవరూ నమ్మరు. ఆడదాని మాట తమ్ముణ్ణి కాపాడుకోవడానికి అంటారు. అందుకని చెప్పడంలో అర్థం లేదు.

నమ్మితే? నమ్మితే పాట లాగేసుకుంటారు. నా ఒక్కదానిదే కాదు, అందరిదీ. అనాహీద్‌ది కూడా. తనవాళ్ళందర్నీ వదులుకుని అది ఈ పాట కోసమే వచ్చింది. నేను వాళ్ళ నోళ్ళు మూయించనా?

చెప్పను. వాడు కూడా నా పేరు చెప్పలేదుగా. వాడికి గుర్తు లేదేమో.

గుర్తు లేకపోవడమేంటి. ఆ రోజు రొట్టె తుంచుతూ నా ముఖంలోకి చూశాడు కదా.

గురువారం

పస్కా పండగ రొట్టె ఇవ్వడానికని చెప్పి కాపలావాణ్ణి ఒప్పించాను. పెద్ద మాటలేం లేవు. తలుపు సందులోంచి మాట్లాడుకున్నాం.

“నేనేనా?” అన్నాను.

“నువ్వే.”

“ముందే చెప్పొచ్చు కదరా వెధవా!”

“చెబితే నువ్వు ఏం చేసేదానివి? పరిగెత్తుకెళ్ళి కామీషో కాళ్ళు పట్టుకునేదానివి. వాళ్ళు నీ పాట ఆపించేవాళ్ళు. నువ్వు పాడని శుక్రవారం ఎలా ఉంటుందో నాకు తెలియదక్కా. తెలుసుకోవాలని కూడా లేదు.”

“నిన్ను కొడతారురా.”

“కొడితే ఏడుస్తాను. ఏడుపు పాట వచ్చుగా నాకు.”

వాడి హాస్యం తగలెయ్య. తలుపుకి నుదురు ఆనించి ఏడ్చాను. లోపల వాడు కూడా. కాపలావాడు పాపం అటు తిరిగి నిలబడ్డాడు.

“వ్యాఖ్యాత తప్పని నేను ఎప్పటికీ అనను,” అన్నాడు చివర్లో. “ఆయన చదివి చదివి చెప్పాడు. కానీ నేను ఆయన్ని చదవకముందే నిన్ను విన్నాను. దానికి ఆయన గానీ నేను గానీ ఏం చెయ్యగలం?”

శ్రమల శుక్రవారం

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

ఇవాళ పొయ్యి రాజెయ్యం. ఊరంతా పస్తు. గుళ్ళో సిలువకు నల్లగుడ్డ కట్టారు. దెన్హాని తెచ్చి మధ్యలో నిలబెట్టారు. తలుపు దగ్గర అధిపతి మనిషి, నడుముకి కత్తి, బూట్లతోనే లోపలికొచ్చాడు. బిషప్ గారు ఒక్కటే అడిగారు.

“పేరు.”

దెన్హా తల అడ్డంగా ఊపాడు. అధిపతి మనిషి ఒక అడుగు వేశాడు.

నేను తెర ఎత్తి బయటికొచ్చాను. వెనక అనాహీద్ నా చెంగు పట్టుకుని లాగింది, చెంగు చిరిగింది.

“ఆ పేరు షమ్మూనీ,” అన్నాను. “వాడికి ఆ మాట నేర్పింది నేను.”

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవడో నవ్వాడు, ఇంకొందరు అందుకున్నారు. కామీషో ముఖం కందగడ్డలా అయింది. “తమ్ముడి కోసం అబద్ధమాడుతోంది! రొట్టెలు కాల్చుకునే మనిషికి వ్యాఖ్యానమేం తెలుసు? లోపలికి పో!”

“వ్యాఖ్యానం తెలియకే నేర్పాను,” అన్నాను. “కామీషో అయ్యా, ఉపవాసాల మొదటి సోమవారం మా గుమ్మంలో నిలబడ్డారు మీరు. నేను పాడుతున్నాను. ఏం పాడుతున్నానో చెప్పండి.”

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. అబద్ధమాడే మనిషి కాదు, అదొక్కటీ మెచ్చుకోవాలి.

“ఇరవై రెండోది,” అన్నాడు.

“శీర్షిక చెప్పానా?”

“లేదు.”

“చెప్పలేదని మీకు అనిపించిందా అప్పుడు?”

బిషప్ గారు నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపారు.

“అమ్మా, ఆ కీర్తనకు శీర్షిక ఏమిటో నీకు తెలుసా?”

“తెలుసు తండ్రీ. కొడుకు అబ్షాలోము తరుముతుంటే దావీదు చేసిన ప్రార్థన.”

“తెలిసీ పిల్లవాడికి వేరే ఎందుకు చెప్పావు?”

దీనికి జవాబు నేను ముందుగా ఆలోచించుకోలేదు. నోరు తెరిచాక వచ్చింది.

“వాడు పిండి గిన్నె దగ్గర కూర్చుని ఎవరు ఏడుస్తున్నారక్కా అని అడిగాడు. తండ్రి అని ఎలా చెప్పను? కన్నకొడుకే చంపడానికి వెంటపడుతుంటే తండ్రి ఏడుస్తున్నాడని, అమ్మా నాన్నా లేని పిల్లాడికి ఏ నోటితో చెప్పను? తండ్రి ముఖమే ఎరగడు వాడు. అందుకని ప్రభువురా, సిలువ మీద ఏడుస్తున్నాడు, మూడు రోజుల్లో లేస్తాడులే అన్నాను. వాడు సరేనని గిన్నె నాకాడు. ఇంతే జరిగింది. ఇందులో రోము లేదు, రాజు లేడు. వ్యాఖ్యాత మీద నాకు కోపం లేదు. ఆయన వంటింట్లోకి రాలేదు, అంతే.”

నవ్వినవాళ్ళు కూడా నేల చూపులు చూస్తున్నారు. బిషప్ గారు దగ్గారు, కానీ అది దగ్గు కాదని దగ్గరున్న నాకు తెలిసింది.

ఆయన అధిపతి మనిషి వైపు తిరిగారు. “విన్నావుగా. అవతలి గూఢచారి ఈవిడే. కావాలంటే తీసుకుపో, మీ సైన్యానికి రొట్టెలు బాగుపడతాయి.” వాడు మా వైపూ ఆయన వైపూ చూసి, ఏదో గొణిగి, బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. నా వైపు తిరిగేసరికి ఆయన గొంతులో మెత్తదనం అలాగే ఉంది, మాటలో మాత్రం లేదు.

“శీర్షిక వదిలేసిన పాట ఎక్కడిదాకా వచ్చిందో చూశావు. ఒక పిల్లాడి చెవిలోంచి బడి పీఠం దాకా వచ్చింది. నేను చూడనట్టు ఊరుకోలేను. ఇక నుంచి ఆడవాళ్ళు చావింట్లో అయినా సరే శీర్షిక చెప్పే పాడాలి. నువ్వు ఇవాళ ఒక్కరోజు ముందు నిలబడు, ఇరవై రెండోదానికి శీర్షిక నీ నోటితో చెప్పు. రేపటి నుంచి ముందు నిలబడేది వేరొకరు. నువ్వు గుళ్ళో పాడవు.”

తర్వాత దెన్హాని అడిగారు. “వ్యాఖ్యాత చెప్పింది మొదట చెబుతానని ప్రమాణం చేస్తావా?”

వాడు నన్ను చూశాడు. నేను కళ్ళతోనే తిట్టాను.

“మొదట చెబుతాను తండ్రీ,” అని పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. ‘మొదట’ తర్వాత ఏమిటని కామీషో అడగబోయాడు. బిషప్ గారు ఆరాధనకు ఆలస్యమైందన్నారు.

నేను ముందు నిలబడ్డాను. ఎర్ర సిరా మాట గుళ్ళో నా గొంతుతో పలకడం అదే మొదలు, అదే చివర. కొడుకు అబ్షాలోము తరుముతుంటే దావీదు చేసిన ప్రార్థన. అన్నాను. అన్నాక ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ముసలి రాజు కనిపించాడు. చెప్పుల్లేకుండా కొండెక్కుతున్నాడు. చంపడానికి వస్తున్న కొడుకుని ఎవరూ కొట్టొద్దని బతిమాలుతున్నాడు. పెంచిన చేతులు అవి. నాకు ఆయన తెలుసు. నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మొదటి మాట దగ్గరే గొంతు ఆగిపోయింది. అనాహీద్ అందుకుంది. నేను దాని పక్కన నిలబడి నోరు కదిపాను, చప్పుడు రాలేదు. ఎదురుగా మగవాళ్ళ వరసలో దెన్హా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

పండగ ఆదివారం

లేచాడు ప్రభువు. అందరూ పాడారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

పండగ తర్వాత, ఏదో ఒక వారం

చావింటికి అనాహీద్ వాళ్ళు వెళ్ళారు. శీర్షిక చెప్పి పాడారట. చచ్చినవాడి పెళ్ళాం, “ఈ దావీదు గొడవేంటి, మా ఆయన కోసం పాడండి,” అందట. అనాహీద్ వచ్చి చెప్పి నవ్వించబోయింది.

“నీ గొంతు నాకంటే బాగుంటుంది,” అన్నాను దానితో.

“తెలుసక్కా. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను,” అంది, అని ఏడ్చింది.

ఇంట్లో కూడా పాడటం లేదు. పిండి అంచనాగా పిసుకుతున్నాను. రొట్టె ఒకరోజు రాయిలా, ఒకరోజు బంకలా వస్తోంది. దెన్హా వంకపెట్టకుండా తింటున్నాడు. అది ఇంకా బాధ.

శరదృతువు, బడి తెరిచాక

కోతల సెలవులు అయి కుర్రాళ్ళు తిరిగొచ్చారు. ఎండకి నల్లబడి ఉన్నారు. దెన్హా ఈసారి కీర్తనలు మొదటి నుంచి చెబుతున్నాడు, వాళ్ళు రాసుకుంటున్నారు. ఆ పాఠాలు పుస్తకం కడతారట. పక్క ఊరి బడి వాళ్ళు నకలు కావాలని అప్పుడే కబురు పెట్టారు.

ఇవాళ రొట్టెల గంప దించడానికి వెళ్తే పాఠం జరుగుతోంది. కిటికీ కింద నిలబడ్డాను. గంప బరువుగా ఉండి నిలబడ్డాను, వేరే కారణం ఏం లేదు.

ఉంది. అక్కడికి చేరతారని లెక్కేసుకునే వెళ్ళాను.

“ఇరవై రెండో కీర్తన,” అన్నాడు దెన్హా. “వ్యాఖ్యాత అంటాడు: కొడుకు అబ్షాలోము తరుముతుంటే దావీదు చేసిన ప్రార్థన ఇది.” తర్వాత చాలాసేపు దావీదు గురించే చెప్పాడు. కొండెక్కడం, చెప్పుల్లేకపోవడం, కొట్టొద్దని బతిమాలడం. అంత బాగా వాడు ఎప్పుడూ చెప్పలేదు. లోపల ఒక్క కలం కదిలిన చప్పుడు కూడా లేదు, అందరూ రాయడం మర్చిపోయి వింటున్నారు. కామీషో గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రమాణం నెరవేరిందని ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది.

దెన్హా ఆగాడు.

“మరికొందరు అంటారు: ఇది సిలువ మీద ప్రభువు ఏడుపు.”

కామీషో చేతులు విడివడ్డాయి. ఒక కుర్రాడు అడిగాడు. “మరికొందరంటే ఎవరు గురువుగారూ? గ్రీకులా?”

“గ్రీకులు కాదు.”

“మన పెద్దలా? ఏ బడివాళ్ళు?”

“పెద్దలే. ఏ బడిలోనూ చదవలేదు. నేను వాళ్ళ దగ్గర చదువుకున్నాను,” అన్నాడు దెన్హా. “పేరు అక్కర్లేదు. మరికొందరు అంటారని రాసుకోండి చాలు.”

కామీషో నన్ను చూశాడు. కిటికీ కింద, గంపతో. ఆ బడి పెత్తందారు ఇప్పుడు అరుస్తాడనుకున్నాను. ఆయన మళ్ళీ చేతులు కట్టుకుని ఆకాశం వైపు చూశాడు. లోపల కలాలన్నీ ఒక్కసారిగా కదిలాయి. తోలు మీద ఆ గీరుడు చప్పుడు కిటికీ దాకా వినిపించింది. మరికొందరు అంటారు, మరికొందరు అంటారు, అని అందరూ రాస్తున్నారు.

ఇంటికొచ్చి పిండి కలిపాను. తలుపు వేసుకోలేదు. శీర్షిక చెప్పాను, దావీదు పేరు పెట్టి. తర్వాత పాడాను, మొదటి నుంచి చివరిదాకా. శీర్షిక చెప్పినంతసేపు పిండి ఇంకాస్త ఎక్కువ నలిగింది. రొట్టె బాగా వచ్చింది.